అత్తగారి మెలిక

నమోదు 15

ఇవాళ ఆదరాబాదరాగా రాస్తున్నాను. అక్షరాలు వంకరగా వస్తే రానీ. ఈ ఆదుర్దాలో భయం సగమే. మిగతా సగం పైకి చెప్తే బాగుండదు కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను: చాటింట్లో పనికి చేరిన పదిహేనో రోజుకి నా చేతికి అసలైన వార్త వచ్చింది.

పొద్దున వీధి దీపాలు వెలిగేసరికి నేనూ రత్నమూ వంటగదిలో ఉన్నాం. రత్నం నాతో గది పంచుకునే పిల్ల. పుట్టింది పక్కూరు లోతుపాడులో. ఇక్కడ ఊపిరి తొడుగులు బాగుచేసే కొట్లో పని. కుళాయి కింద నాచు కడుగుతూ, మా తెల్లరేవు వాళ్లు నాచు పులుసులో తీపి పోసి దాన్ని పాయసం చేసేస్తారని రోజూ తిట్టే తిట్టు తిడుతూ, ఉన్నట్టుండి చెయ్యి వెనక్కి లాక్కుంది. చన్నీళ్లు. నేను పుట్టాక మా కుళాయిలో చన్నీళ్లు రావడం ఇదే మొదలు. మా నెత్తిమీది మంచు ఎంత మందమో బళ్లో బట్టీ పట్టించారు. అది ఎంత చల్లగా ఉంటుందో ఇవాళ రత్నం వేళ్లు చూశాక తెలిసింది.

ఇంతలో గోడలోని గొట్టం మోగింది. ఒక దెబ్బ, రెండు, మూడు. మూడో దెబ్బ పడితే మా ఊళ్లో నోట్లో ముద్ద నోట్లోనే ఆగిపోతుంది. లోతుపాడు నుంచి మాకు వేడినీళ్లు మోసుకొచ్చే పెద్ద గొట్టాన్ని అత్తగారి మెలిక దగ్గర పేల్చేశారు. అక్కడ కీళ్లు బిగిస్తున్న నలుగురు పోయారు. ఆ పని చేసింది తామేనని పగులు దండు వాళ్లే చెప్పుకున్నారు. మంచు కింద ఊళ్లే ఉండకూడదనే మూక అది. పేరు వింటేనే పిల్లలు ఏడుపు ఆపేస్తారు.

నేను చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా చాటింటికి పరిగెత్తాను. మా వార్తలన్నీ పుట్టేది అక్కడే. నడిమధ్య పెద్ద గొట్టం, పక్కన సుత్తి పట్టుకుని నూకరాజు బాబాయి. ఆయన కొట్టిన దెబ్బ గొట్టాల వెంబడి ప్రతి ఇంటి గోడలోనూ పలుకుతుంది. దెబ్బల వెనకే రేడియో పెట్టెలో వార్త చదువుతారు. ఒక మనిషి చెప్పిన మాటకి ఒక దెబ్బ. విడివిడిగా ముగ్గురు చెప్తే మూడు. ఎప్పుడో మా ముత్తాతల కాలంలో గాలి పోతోందని ఒక్కడు అరిస్తే, తొక్కిసలాటలో సగం వీధి పోయిందట. అప్పుడు పెట్టుకున్న కట్టు ఇది. జనం వార్త వినకపోయినా దెబ్బలు మాత్రం లెక్కపెట్టుకుంటారు.

నేను వెళ్లిన కాసేపటికే మా ఊరిని ఏలే మండలి నుంచి శేషగిరి గారు వచ్చి ఇంకో మాట ఇచ్చారు. దండుకి పేలుడు సరుకు ఇచ్చింది లోతుపాడుని ఏలే సభేనట. రుజువు అడిగితే చెప్పే వేళ కాదన్నారు. ఒక నోరు కాబట్టి బాబాయి ఒకే దెబ్బ కొట్టాడు. చాటింటి పెద్ద దైవకృప మేడం గొంతు సవరించుకుని చదివింది. ఆవిడ చదువుతుంటే కళ్లు మూసుకుని వినాలనిపిస్తుంది. "అత్తగారి మెలిక దగ్గరికి సరుకు చేర్చింది లోతుపాడు సభ మనుషులేనని మన మండలి అంటోంది."

ఇదే మాట ఇంకో రెండు నోళ్లు చెప్తే మూడు దెబ్బలు. మూడు దెబ్బలు పడితే మండలి ఎవర్నీ అడగక్కర్లేదు. రెండూళ్ల మధ్య గేటు మూసేస్తారు. లోతుపాడులో పుట్టినవాళ్లని పడవెక్కించి పంపేస్తారు. రత్నం పుట్టింది అక్కడే. కానీ ఆ సంగతి నాకు మధ్యాహ్నం దాకా తట్టనే లేదు. అంత హడావిడిలో ఉన్నాను.

నమోదు 16

నా పని వినడం. చెవులకి డిప్పలు తగిలించుకుని బయటి స్టేషన్లు ఏమంటున్నాయో విని మేడంకి చెప్పాలి. మాకు వినపడేవి ముఖ్యంగా రెండు. మంచు పైన ఓడలు దిగే చోట ఉండేది మీదిల్లు. వాళ్లు ఏ ఊరివాళ్లూ కారు. ఇంకోటి ఎదురుగొంతు. లోతుపాడులో ఉంటూనే లోతుపాడు సభని తిట్టే స్టేషన్.

పొద్దున ఎదురుగొంతు పట్టుకున్నాను. సభలో ఉన్న మా లోపలి మనిషి చెప్పాడు, సరుకు మోసింది మా సభవాళ్లే, అంది ఆ గొంతు. నేను డిప్పలు విసిరేసి లేచి నిలబడ్డాను. సభ మీద సభ ఊరివాళ్లే చెప్తున్నారు! మేడం నా భుజం తట్టి, "నీ చెవి మంచిదమ్మాయ్" అంది. రెండు దెబ్బలు పడ్డాయి. ఆ రెండో దెబ్బ నాది. దాచడమెందుకు, మధ్యాహ్నం వరకూ గాల్లో తేలుతున్నాను.

ఆకుకూర బండి దగ్గర వరసలో దిగాను నేలకి. ముందు నేను, వెనక రత్నం. బండి ఆవిడ నాకు రెండు కట్టలు వేసి, రత్నం సంచీ చూసి, "నీకెందుకే ఆకు, పడవలో పాడైపోతుంది కదా" అంది. వరసలో ఎవరో నవ్వారు. రత్నం తొణకలేదు. "పడవలో ఎలాగూ మీ చేతి పులుసు తినక్కర్లేదు పిన్నీ, అదొక్కటే సుఖం" అంది. అప్పుడూ నవ్వారు జనం. బండి ఆవిడ ఒకే కట్ట రత్నం సంచీలో పడేసింది.

గదికొచ్చాక రత్నం బట్టలు సర్దుకుంటోంది. ఉండబట్టలేక అడిగేశాను, నిజంగా మీ సభే చేసి ఉంటుందా అని. సంచీ జిప్పు లాగుతూ మామూలుగా చెప్పింది.

"చేసుండొచ్చు. మా సభవాళ్లు దేవుళ్లేం కాదు. చెయ్యకపోయి ఉండొచ్చు కూడా. నాకు తెలీదు వారుణీ. నీకు తెలుసా?"

తెలుసనే కదా పొద్దున లేచి నిలబడ్డాను.

నమోదు 18

నిన్న రాయలేదు. నిన్నంతా పాత చప్పుళ్ల గదిలో ఉన్నాను. చాటింట్లో చదివిన ప్రతి వార్తా అక్కడ దాస్తారు. నిరుడు లోతుపాడు పడవలరేవులో జరిగిన పేలుడు కోసం వెతికాను. అదీ దండు పనే. ఆరుగురు పోయారు. అప్పుడు నేను కాలేజీలో పరీక్షలు రాస్తున్నాను. ఒక్క దెబ్బ మోగినట్టు లీలగా గుర్తు, అంతే.

వింటే సంగతి ఇది. ఆ సరుకు తెల్లరేవు గోదాములోంచి వచ్చిందని లోతుపాడు సభ అంది. మీదిల్లూ అదే చెప్పింది. మా రేవులో సామాన్లు దింపే మనిషి ఒకడు గోదాము తలుపు తీసి ఉండగా చూశానన్నాడు. లెక్కపెడితే మూడు నోళ్లు. కానీ కొట్టింది ఒకే దెబ్బ. దెబ్బ వెనక మేడం గొంతు, ఇప్పటంత నిదానంగానే: "మీదిల్లు చెప్పింది లోతుపాడు మాటే కాబట్టి దాన్ని వేరే నోరుగా లెక్కపెట్టడం లేదు. రేవు మనిషి మాట ఇంకా విచారించాలి."

చక్కటి జాగ్రత్త. వినగానే చప్పట్లు కొట్టాలనిపించింది. మరి మొన్న మన నలుగురు పోయినప్పుడు ఆ జాగ్రత్త ఎటు పోయింది?

ఇదే మేడంని అడిగాను. మర్యాదగానే అడిగాననుకుంటున్నాను. కానీ నూకరాజు బాబాయి సుత్తి పక్కన పెట్టి నా వంక చూశాడు కాబట్టి కాదేమో. మేడం కోప్పడలేదు. టీ గ్లాసు చేతిలో తిప్పుతూ చెప్పింది.

"నిరుడు మన మండలి మీద మాట వచ్చింది. తొందరపడి కొడితే శేషగిరి గారు ఊరుకోరు, ఊరు ఊరుకోదు. అందుకని పదిసార్లు చూసుకున్నాను. ఇప్పుడు పక్కూరి మీద మాట. ఆగమని నన్నెవరూ అడగడం లేదు. కొట్టమనే అడుగుతున్నారు. పోయిన నలుగురిలో ఒకడు మా వీధి కుర్రాడే."

ఆ మాటలో అబద్ధం ఏమీ లేదు. అదే నన్ను నిలవనివ్వడం లేదు.

నమోదు 19

ఎంత రాసినా తరిగేలా లేదు. వరసగా చెప్తాను.

పొద్దున మీదిల్లు పలికింది. "మాకు విడిగా అందిన సమాచారం ప్రకారం, అత్తగారి మెలిక దగ్గరికి సరుకు చేర్చింది లోతుపాడు సభ మనుషులే." మూడో నోరు. మేడం కాగితం అందుకుంది. శేషగిరి గారు ఎప్పుడొచ్చారో, అప్పటికే కుర్చీలో ఉన్నారు. సాయంత్రం పెద్ద చదువులో కొడదామన్నారు. రేవులో పడవ ఇంజను వేడెక్కిస్తున్నారని బాబాయి గొణిగాడు.

నేను డిప్పలు తియ్యకుండా అలాగే కూర్చున్నాను. చెవిలో ఏదో గుచ్చుకుంది. అత్తగారి మెలిక అన్నారు కదా వీళ్లు? మొన్న ఎదురుగొంతు చెప్పింది మళ్లీ పెట్టుకుని విన్నాను. అక్కడా అత్తగారి మెలికే.

ఆ మెలిక మీద మా ఊళ్లో వంద జోకులున్నాయి. వేడినీళ్లు మా చల్లటి గోడ దాటే చోట గొట్టం ఒక వంపు తిరుగుతుంది. అక్కడ లోహం రోజంతా మూలుగుతుంది. అచ్చం కోడలి వంట తిని సణిగే అత్తగారిలా. అందుకే ఆ పేరు. కొత్త పెళ్లికూతుర్ని అక్కడికి తీసుకెళ్లి మూలుగు వినిపించి ఏడిపించడం మాకు సరదా.

తొడుగుల కొట్టుకి పరిగెత్తాను. రత్నం ఒక తొడుగు మూతికి రబ్బరు అతికిస్తోంది. దాని పని చెడగొడుతూ అడిగాను, మీ ఊళ్లో ఆ మెలికని ఏమంటారని.

"పదకొండో కీలు."

"పేరు లేదా?"

"పేరెందుకే? మా వైపు నీళ్లు వేడిగా ఉంటాయి, గొట్టం నోరెత్తదు. ఇక్కడికొచ్చాకే విన్నాను మీ అత్తగారి గోల."

దాన్ని గట్టిగా పట్టుకున్నాను. రబ్బరు జిగురు నా జుట్టుకంటింది, ఇప్పటికీ వదల్లేదు.

చాటింటికొచ్చి, ఆ పేరు మన ఊళ్లో తప్ప ఎక్కడా లేదని మేడంకి చెప్తే తల ఊపింది. శేషగిరి గారు మాత్రం నవ్వారు. మన జనానికి అర్థం కావాలని మన పేరే వాడి ఉంటారు, దానికింత రాద్ధాంతమా అన్నారు. నిజమే, అలా కూడా అయి ఉండొచ్చు. అందుకే వాళ్లనే అడుగుదామన్నాను. అడగడానికి డబ్బులేం ఖర్చవవు కదా.

మేడం ఒక్క క్షణం నా జుట్టులో జిగురు వంక చూసి ఫోను నా ముందుకి జరిపింది. గదిలో అందరికీ వినపడేలా పెట్టాను.

మీదింట్లో ఫోను ఎత్తినవాడు ఏదో నములుతున్నాడు. మీకు విడిగా చెప్పింది ఎవరండీ అంటే, ఎదురుగొంతు వాళ్లండీ, వాళ్లు నమ్మకమైనవాళ్లు, మీరూ అదే కదా చదివారు అన్నాడు. విడిగా అంటే ఏమిటో అతనికి పట్టినట్టు లేదు. శేషగిరి గారు కాలు మీద కాలు తీసేశారు.

తరవాత ఎదురుగొంతు. అక్కడ ఎత్తినతని పేరు సోమయాజులు. మంచి మనిషి, సభ చేతిలో రెండుసార్లు జైలుకి వెళ్లొచ్చాడట. మీ లోపలి మనిషి ఎవరో చెప్పొద్దు, అతను సరుకు చూసింది ఎక్కడో మాత్రం చెప్పండి చాలన్నాను.

"అత్తగారి మెలిక దగ్గరండి."

"అది ఎక్కడుందండీ?"

అటు ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టిన చప్పుడు. తరవాత ఎవరితోనో గుసగుస.

"మీ ఊళ్లో వీధి కాదాండీ అది? మీ చాటింపులోనే కదా విన్నాం."

నేను ఇంకా అడిగాను, నిదానంగానే. లోపలి మనిషి అంటూ ఉన్నాడు, వాళ్ల సభ మీద అనుమానం ఉందన్నాడు, అంతవరకూ నిజం. సరుకు సంగతి మాత్రం మా పెట్టెలోంచి విన్నదే. మా మండలి మాట మా నోట్లోంచి వెళ్లి, వాళ్ల గొంతు వేసుకుని, మీదింట్లో కాసేపు కూర్చుని, మళ్లీ మా చెవికే వచ్చింది. మేము దాన్ని చూసి కొత్త చుట్టం వచ్చాడని కాళ్లకి నీళ్లిచ్చాం. అందులో ఒకసారి ఇచ్చింది నేనే.

శేషగిరి గారు లేచి, నోళ్లు మూడూ ఉన్నాయి, కట్టులో నోరు ఎక్కడ విందో అడగమని లేదు, కొట్టించండి అన్నారు. గొంతు పెంచలేదు. పోయిన నలుగురి ఇళ్లకి మీరే వెళ్లి చెప్పండి, ఎందుకు కొట్టలేదో, అన్నారు.

చదువు వేళయింది, మేడం లేచింది. పెట్టె దగ్గరికి వెళ్లి కూర్చుంది. బాబాయి సుత్తి ఎత్తాడు. ఒక దెబ్బ. మళ్లీ ఎత్తాడు. మేడం చెయ్యి అడ్డం పెట్టింది.

"చాలు నూకరాజూ."

పెట్టెలో ఆవిడ చదివింది నాకు మాటకి మాట గుర్తుంది. "సరుకు ఇచ్చింది లోతుపాడు సభ అని మన మండలి అంటోంది. మొన్న మేము కొట్టిన రెండో దెబ్బ తప్పు. అది మన మాటే తిరిగొచ్చింది, మేము పోల్చుకోలేదు. సభ చేయి ఉందో లేదో మాకు తెలియదు. నిరుడు లోతుపాడు రేవులో మన గోదాము సరుకు సంగతీ మాకు తెలియదు. రేవు మనిషి మాట విచారిస్తామని చెప్పి విచారించలేదు. రేపు మొదలుపెడతాం."

శేషగిరి గారు మధ్యలోనే వెళ్లిపోయారు. పడవ ఇంజను ఆగిన చప్పుడు నాకు వినపడిందని రాయాలనుంది గానీ, రేవు అంత దగ్గర కాదు. గదికొచ్చాక రత్నం చెప్పింది, ఆపేశారని.

నమోదు 20

చాటింటి తలుపు మీద ఎవరో పాచిపోయిన నాచు కొట్టారు. కడిగింది నేనే, చన్నీళ్లతో. ఆకుకూర బండి ఆవిడ నాకూ ఒకే కట్ట వేసింది. మేడం ఆ నలుగురి ఇళ్లకీ వెళ్లింది, ఒక్కతే. మూడిళ్లలో కూర్చోమన్నారట. వాళ్ల వీధి కుర్రాడి ఇంట్లో తలుపు తియ్యలేదట.

లోతుపాడులో పుట్టినవాళ్లు కొందరు ఎవరూ పొమ్మనకుండానే వెళ్లిపోయారు. రత్నం సంచీలోంచి సగం బట్టలే బయటికి తీసింది. మిగతా సగం గురించి నేను అడగలేదు.

గేటు తెరిచే ఉంది కాబట్టి లోతుపాడు కీళ్ల పనివాళ్లు వాళ్ల వైపు నుంచి అతుకులు మొదలుపెట్టారు. మావాళ్లు ఇటు నుంచి. రెండు జట్లూ మాట్లాడుకోవడం లేదట. పనిముట్లు మాత్రం ఇచ్చిపుచ్చుకుంటున్నారట.

నమోదు 24

పొద్దున డిప్పలు పెట్టుకోగానే లోతుపాడు చాటిల్లు వినపడింది. వాళ్లకీ మా కట్టే. మూడు దెబ్బలు కొట్టి చదివారు: "మన సభ చేతులు శుభ్రమని తెల్లరేవు చాటిల్లే ఒప్పుకుంది. మీదిల్లూ, ఎదురుగొంతూ అదే చెప్తున్నాయి."

మేము అన్నది తెలియదని! నవ్వాలో గొట్టానికేసి తల బాదుకోవాలో తెలియలేదు. మేడం విని, టీ ఒక గుక్క తాగి, "అచ్చం మనలాగే" అని మాత్రం అంది. రేవు మనిషిని విచారించడానికి బయల్దేరుతూ ఫోను మళ్లీ నా వైపు జరిపింది.

లోతుపాడు చాటింటికి కలిపాను. ఎత్తింది నా వయసు పిల్లే, గొంతు వింటే తెలుస్తుంది. పేరు సుభాషిణి. వాళ్ల చాటింట్లో వినే పని ఆమెదేనట. చేరి నెలైందట. మీ మూడు నోళ్లూ ఎవరివని అడిగాను. గడగడా చెప్పింది: మీరు, మీదిల్లు, ఎదురుగొంతు. మీదింటికి ఎవరు చెప్పారో అడిగారా అన్నాను. లేదంది. ఎదురుగొంతుకి? అటు కాగితాలు తిరగేస్తున్న చప్పుడు.

"అంటే మూడూ మీరేనా?" అంది చివరికి.

"మా మాట కూడా కాదండీ. మేము తెలియదన్నాం. దార్లో శుభ్రం అయిపోయింది."

ఆమె నవ్వలేదు. ఆ మూడో దెబ్బ వినగానే తను కుర్చీలోంచి లేచి నిలబడ్డానని చెప్పింది. నేనూ నిలబడ్డానని చెప్పాను. తరవాత ఆమె అడిగింది, మీరు దాన్ని అత్తగారి మెలిక అంటారటగా, ఎందుకు? మూలుగుతుంది కాబట్టి అంటే నమ్మలేదు. మా గొట్టం ఎప్పుడూ మూలగదండీ, మీరు ఊరికే అంటున్నారు అంది.

సరిగ్గా అప్పుడే, ఒట్టు, నేను కల్పించడం లేదు, గోడలో ఏదో కదిలింది. ముందు నీళ్లు పరిగెత్తే గరగర. తరవాత వేడి తగిలి లోహం సాగే చప్పుడు. తరవాత పెద్ద గొట్టం వెంబడి సన్నగా, సాగదీసి, ఉప్పు చాలలేదన్నట్టు, మా అత్తగారు. వీధిలో ఎవరో కేక పెట్టారు, ఇంకెవరో అందుకున్నారు. బాబాయి సుత్తి వదిలేసి రెండు అరచేతులూ గొట్టానికి ఆనించి నిలబడ్డాడు. నేను ఫోను తీగ ఎంతవరకు వస్తే అంతవరకు లాగి, దాని మూతి గొట్టానికి ఆనించాను. చాలాసేపు అలాగే పట్టుకున్నాను. చెవి దగ్గర పెట్టుకునేసరికి సుభాషిణి ఇంకా వింటూనే ఉంది.

"బాబోయ్, నిజంగానే మూలుగుతోంది" అంది. మళ్లీ గొంతు తగ్గించి, "మా పెద్దాయన ఒప్పుకుంటారో లేదో చెప్పలేను. కానీ సాయంత్రం చదువుకి ముందు మీదింటికి నేనే ఫోన్ చేసి అడుగుతాను, మీకెవరు చెప్పారని."

మళ్లీ ఆదరాబాదరాగానే రాస్తున్నాను. అక్షరాలు వంకరే. గదికి వెళ్తే రత్నం కుళాయి కింద చేతులు పెట్టుకుని నిలబడి ఉంటుంది. ఈ పాటికి వేడినీళ్లు వచ్చేసి ఉంటాయి. సాయంత్రం లోతుపాడులో ఎన్ని దెబ్బలు పడతాయో డిప్పలు తియ్యకుండా వింటాను.